మీరు సంతకం పెట్టింది ఏ కాగితం మీద?

ప్రశ్న: 20 నెలల క్రితం ఇంట్లో గొడవపడి నిద్రమాత్రలు మింగాను. మా అన్నయ్య, మావారు నన్ను ఓ ప్రైవేటు మానసిక ఆసుపత్రిలో చేర్చారు. ఏడుస్తూనే ఏదో కాగితం మీద సంతకం పెట్టాను. ఫోన్ తీసేసుకున్నారు. ఒక రాత్రి చేతులు మంచానికి కట్టేశారు. నాలుగో రోజు నుంచీ ఇంటికి పంపమంటున్నా 22 రోజులు ఉంచేశారు. ఇప్పుడు మావారు 'పిచ్చిదానివని నిరూపించి విడాకులు తీసుకుంటా' అంటున్నారు. నాకే జబ్బూ లేదని పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానని తెలిసిన డాక్టరు చెబుతున్నారు. తీసుకోవచ్చా? ఆసుపత్రిపై కేసు వేయవచ్చా?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో అత్తగారి మాటలన్నీ ఉన్నాయి. ఆ కాగితం ఏమిటో మాత్రం లేదు. కేసు తేలేది దానిమీదే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ అంతట మీరే చేరితే (సెక్షన్ 86), వెళ్తానన్నప్పుడు పంపాలి. పరీక్ష కోసం 24 గంటలకు మించి ఆపకూడదు. సెక్షన్ 89 అయితే నామినేటెడ్ ప్రతినిధి (చికిత్స విషయంలో మీ తరఫున నిలిచే వ్యక్తి) దరఖాస్తుపై 30 రోజుల వరకు ఉంచవచ్చు. అందుకు ఒక సైకియాట్రిస్టు, మరో వైద్యుడు లేదా మానసిక ఆరోగ్య నిపుణుడు విడివిడిగా పరీక్షించి ఉండాలి. మహిళ కాబట్టి మూడు రోజుల్లో మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు తెలపాలి. మాత్రలు మింగారు గనుక, చేర్చుకోవడానికి కారణమే లేదని మనం వాదించలేం. సెక్షన్ 89 కింద చేర్చి ఉంటే, ఈ కాగితాలు లేకపోతేనే మన కేసు నిలుస్తుంది.

చేతులు కట్టడం కూడా అంతే. ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడు, సైకియాట్రిస్టు అనుమతితో, కారణం రికార్డులో రాసి మాత్రమే కట్టాలి.

ఇన్నాళ్లూ ఆ ఫైలు అడగాలని తోచలేదా? కరెంటు బిల్లులు దాచుకుంటాం గానీ కేస్ షీటు అడగం! వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేళ్లే. మీకు మిగిలింది మూడు నాలుగు నెలలు. రేపే రిజిస్టర్డ్ పోస్టులో అడ్మిషన్ ఫారం, కేస్ షీటు, నర్సింగ్ నోట్సు కోరండి. 2017 చట్టం సెక్షన్ 25 కింద అది మీ హక్కు. ఇవ్వకపోతే రివ్యూ బోర్డుకు వెళ్లండి. ఫీజుకు ఇబ్బందయితే న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. అన్నయ్య ఏ హోదాలో సంతకం చేశారో కూడా అడిగి రాయించుకోండి.

ఆ సర్టిఫికెట్ జోలికి మాత్రం పోవద్దు. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆసుపత్రి ఫైలు బయటపడిన క్షణం అబద్ధాలకోరు మీరే అవుతారు, డాక్టరుతో పాటు మీ మీదా కేసు పడుతుంది. అసలది అవసరమే లేదు. గతంలో ఆసుపత్రిలో ఉన్నంత మాత్రాన ఇప్పుడు జబ్బు ఉన్నట్టు కాదని అదే చట్టం సెక్షన్ 3 చెబుతోంది. విడాకులకు జబ్బు పేరు చాలదు, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత రుజువు కావాలని సుప్రీంకోర్టు రామ్ నారాయణ్ గుప్తా కేసులో 1988లోనే తేల్చింది.

ఈలోగా మీకు నమ్మకమైన వ్యక్తిని నామినేటెడ్ ప్రతినిధిగా తెల్ల కాగితం మీద రాసి సంతకం చేయండి. లేకపోతే చట్టం బంధువు వైపు చూస్తుంది. మీ భర్తా బంధువే.