ప్యారాచూట్లు ఉండి కూడా ఎందుకు దూకలేదు?

మిగిలినవారు ప్యారాచూట్లతో బయటపడగా, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక సిబ్బందిలోని మేథీస్, ట్రూంపర్ అనే పైలట్లు కాని ఇద్దరూ ఆదేశాన్ని ధిక్కరించి, దెబ్బతిన్న బి-17 బాంబర్ విమానాన్ని దించబోయి ఎందుకు ప్రాణాలు పోగొట్టుకున్నారని మీరు అడిగారు. 1944 ఫిబ్రవరి 20న జర్మనీలోని లైప్‌జిగ్ నగరంపై దాడికి వెళ్లిన ఆ విమానంలో కోపైలట్ అక్కడికక్కడే మరణించాడు, పైలట్ గాయపడి స్పృహ తప్పాడు. ఇంగ్లండ్ చేరాక, మరో విమానంలోంచి వీరి అవస్థ గమనిస్తున్న కమాండింగ్ అధికారి దూకేయమని ఆదేశించినప్పుడు, పైలట్ ఇంకా బతికే ఉన్నాడనీ, కదిలించే వీలు లేదనీ, ఆయనను వదిలి రాలేమనీ ఈ ఇద్దరూ బదులిచ్చారు. ఆ తరువాతే విమానం దించేందుకు ప్రయత్నించమని వారికి చెప్పారు కనుక, దీనిని ధిక్కారమనడం నా దృష్టిలో సరికాదు. రెండుసార్లు విఫలమై, మూడోసారి విమానం బయలు పొలంలో కూలింది. ఇద్దరికీ మరణానంతరం అమెరికా అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.