పుల్ల పెరుగులో ఉండే యాసిడే, చిన్నీ

తెనాలి,
కార్తీక బహుళ పంచమి

చిరంజీవి చిన్నికి మేనత్త ఆశీస్సులు.

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసింది. "వదినా, పిల్ల ముఖానికి యాసిడ్ పూసుకుంటోందట, మీరైనా చెప్పండి" అంటుంటే గొంతు వణుకుతోంది. మన పేపర్లలో యాసిడ్ అన్న మాట ఎలాంటి వార్తల్లో కనబడుతుందో తెలుసుగా, ఆవిడ భయంలో తప్పేం లేదు. పుల్ల పెరుగులో ఉండేదీ యాసిడే, చింతపండులో ఉండేదీ యాసిడేనని నచ్చజెప్పి ఫోన్ పెట్టించేసరికి అరగంట పట్టింది. ఆ తర్వాత నువ్వు వాట్సాప్‌లో పంపిన సీసా ఫొటో చూశాను. ఈసారి కంగారు నా వంతయింది. ఎర్రటి ద్రవం, మీద యాసిడ్ 30 శాతం అని అచ్చు. మొదటిసారి పెట్టుకునేవాళ్లు ముట్టుకోవాల్సిన సీసా కాదే అది. మూత బిగించి బీరువాలో పడెయ్, దాని సంగతి చివర్లో చెబుతా.

మీ అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ ఎన్నిసార్లు తిరగేసి ఉంటావు! ఒక్క ఫొటోలోనైనా నా కుడి చెంప కనబడిందా? అన్నిట్లోనూ పక్కకి తిరిగే ఉంటాను. సిగ్గు అనుకున్నారు అందరూ. సిగ్గూ లేదు, శ్రాద్ధమూ లేదు.

1998 వైశాఖం. పెళ్లి ఇంకో వారం ఉందనగా, ఆడపడుచు హోదాలో మెరిసిపోవాలని ఒక పార్లర్‌కి వెళ్లాను. ఏ పార్లరో ఇప్పుడెందుకులే. అప్పట్లో ఫ్రూట్ యాసిడ్ ఫేషియల్ అని కొత్తగా వచ్చింది. పండ్ల పేరుంది కదా, ఏమవుతుందిలే అనుకున్నా. ఎంత శాతమని నేనడగలేదు, ఆ పిల్ల చెప్పలేదు. ఇంటర్ పిల్లల చేత బ్యూరెట్‌తో చుక్క చుక్క లెక్కపెట్టించే కెమిస్ట్రీ లెక్చరర్ని, నా ముఖం దగ్గరికొచ్చేసరికి లెక్కే మర్చిపోయాను. మండుతోందమ్మా అంటే "మండితేనే పనిచేస్తున్నట్టు మేడం" అంది. మర్నాడు శుభలేఖలు పంచుతూ ఊరంతా ఎండలో తిరిగాను. మూడో రోజుకి చెంప మీద చర్మం ఉల్లిపొరలా లేచింది. ఊరుకోక గోరుతో లాగాను. కింద పచ్చి పుండు. పెళ్లినాటికి అక్కడ కాఫీ మరకలాంటి మచ్చ, రూపాయి బిళ్లంత. అది మాసిపోయేసరికి మళ్లీ ఉగాది వచ్చింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు మొటిమలు తగ్గాక మిగిలిన నల్లమచ్చల కోసం ఈ యాసిడ్ మొదలుపెట్టావు. మన ఛాయ చర్మానికి ఒక గుణం ఉంది. గిల్లినా, కాలినా, మంట పుట్టినా, అక్కడ మెలనిన్ తయారుచేసే కణాలు రంగు కుమ్మరిస్తాయి. మొటిమ మానినచోట మచ్చ పడేదీ అందుకే. అంటే ఘాటైన యాసిడ్‌తో మచ్చ పోగొట్టబోతే, ఆ మంటే ఇంకో మచ్చ పెట్టి పోతుంది. మనలాంటివాళ్లం మెల్లగా వెళ్లాల్సింది ఇందుకే, పిరికితనం వల్ల కాదు.

కాబట్టి 5 శాతం లాక్టిక్ యాసిడ్ సీరం కొనుక్కో. ఏ కంపెనీదైనా సరే, సువాసన కలపనిది చూడు. 1780లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త పులిసిన పాలలోంచి మొదటిసారి వేరుచేసిన పదార్థమే ఇది. మా చిన్నప్పుడు మీ నాయనమ్మ చలికాలం మా చేతులకీ కాళ్లకీ పుల్లటి మీగడ రుద్దేది. ఆవిడకి షీలే తెలియదు, చర్మం మెత్తబడుతుందని తెలుసు. అలాగని పెరుగు పూసుకుంటే చాలని కాదు, అందులో ఉండేది నూటిలో ఒక వంతు, అటూ ఇటూ. ఇక యూట్యూబ్ చూసి నిమ్మకాయ మాత్రం రుద్దుకోకు. దాని పీహెచ్, అంటే ఆమ్లం ఘాటు చెప్పే అంకె (తగ్గేకొద్దీ ఘాటెక్కువ), 2 దగ్గర ఉంటుంది. పైగా నిమ్మరసం అంటిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి మచ్చలు పడతాయి.

మన చర్మం పైపొరలో ఉండేవి చనిపోయిన కణాలే, ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. ఆ అంటు వదులుచేయడమే యాసిడ్ పని. స్క్రబ్‌లాగా గీకదు, పట్టు విడిపిస్తుంది, పొట్టు తనంతట తాను రాలిపోతుంది. ఇలా ముఖానికి వాడే ఇంకో యాసిడ్ గ్లైకాలిక్, దాని అణుభారం 76, చిన్న అణువు, గబగబా లోపలికి దూరుతుంది, కాబట్టి చురుకూ ఎక్కువే. లాక్టిక్‌ది 90. చేదు బాదం నుంచి మొదట తీసిన మాండెలిక్‌ది 152, అది ఇంకా నెమ్మదిగా వెళ్తుంది. లాక్టిక్‌కి ఇంకో సుగుణం ఉంది. చర్మం తన తేమను పట్టి ఉంచుకోడానికి సహజంగా వాడుకునే పదార్థాల్లో అదీ ఒకటి. నీ ముఖం ఏసీ ఆఫీసులో ఎండిపోయి బూడిద కొట్టినట్టుంటుంది కాబట్టి దీన్నే చెబుతున్నా. లాక్టిక్ కూడా మంటపెడితే అప్పుడు మాండెలిక్‌కి మారుదువుగాని.

మీ పిల్లలంతా శాతం చూసి కొంటారు, పీహెచ్ చూడరు. పాత లెక్చరర్ బుద్ధి, ఈ ఒక్కటీ చెప్పకుండా ఉండలేను. లాక్టిక్ యాసిడ్ పీహెచ్ 3.8 దగ్గర ఉంటే సుమారు సగం స్వేచ్ఛగా ఉండి పనిచేస్తుంది. పీహెచ్ 5కి పోతే పది పాళ్లలో ఒక పాలు కూడా మిగలదు, మిగతాదంతా లవణంగా మారి ఊరికే కూర్చుంటుంది. 10 శాతమని రాసిన సీసా ఒక్కోసారి 5 శాతం సీసా కంటే మెత్తగా ఉండేది అందుకే. ఇంట్లో వాడుకునేవాటికి 10 శాతం దాటకూడదు, పీహెచ్ 3.5 కంటే దిగకూడదు అని అమెరికాలో కాస్మెటిక్స్ ముడిసరుకుల్ని పరిశీలించే నిపుణులు గీత గీశారు. నీ ఎర్ర సీసా ఆ గీతకి ఎంత దూరమో నువ్వే చూసుకో.

కొన్న రోజే ముఖానికి పెట్టకు. చెవి వెనక ఒక చుక్క, రెండు రాత్రులు. దద్దురు, దురద లేకపోతే మొదలుపెట్టు. వారానికి రెండే రాత్రులు, బుధవారం ఒకటి, ఆదివారం ఒకటి అనుకో. ముఖం కడుక్కుని, తువ్వాలుతో అద్ది, పది నిమిషాలు ఊరుకో. తడి ముఖం మీద యాసిడ్ ఎక్కువ దిగుతుంది, అందుకని. అరచేతిలో మూడు చుక్కలు చాలు. వేళ్లతో బుగ్గలకీ నుదుటికీ గడ్డానికీ అద్దు, రుద్దకు. ముక్కు పక్క మడతలు, పెదాల మూలలు, కంటి చుట్టూ వదిలెయ్. చర్మం చిట్లేది ముందు అక్కడే. భయంగా ఉంటే ఆ చోట్ల ముందుగా కాస్త వాజలిన్ రాసుకో. ఒక నిమిషం చీమ కుట్టినట్టు చిటచిటలాడొచ్చు, పర్లేదు. భగభగమంటే మాత్రం ఓర్చుకోవద్దు, చన్నీళ్లతో కడిగెయ్. మండితేనే పనిచేస్తున్నట్టు అని ఎవరైనా అంటే నా ఆల్బమ్ చూపించు. సీరం ఇంకాక మాయిశ్చరైజర్ రాసుకుని పడుకో. మిగతా అయిదు రాత్రులూ మాయిశ్చరైజర్ ఒక్కటే.

నెల రోజులు ఇలా నడిచి, ముఖం ఎర్రబడకుండా, నీళ్లు తగిలినా మండకుండా ఉంటే మూడు రాత్రులు చేసుకో. నాలుగోది వద్దు.

ఇక పొద్దున సన్‌స్క్రీన్. ఇది పెట్టుకోలేనంటే ఆ సీరం కొనకు, ఆ డబ్బుతో ఒక పుస్తకం కొనుక్కో. పైన పేరుకున్న పొట్టు పోతే చర్మానికి ఎండ మరింత తగులుతుంది. ఈ యాసిడ్ వాడుతున్నన్నాళ్లూ, ఆపేశాక మరో వారం రోజులూ ఎండ నుంచి కాపాడుకోమని అమెరికాలో మందుల్నీ కాస్మెటిక్స్‌నీ పర్యవేక్షించే ఎఫ్‌డీఏ హెచ్చరికే ఉంది. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గనిది, చూపుడువేలూ నడిమివేలూ పొడుగునా రెండు గీతలు వేస్తే వచ్చేంత, ముఖానికీ మెడకీ కలిపి. శనగగింజంత రాసుకుని రాసుకున్నానంటావు నువ్వు, నాకు తెలుసు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి స్కూటీ మీద వెళ్లేదానివి, చున్నీ చుట్టుకుంటే ఇంకా మంచిది, కానీ చున్నీ ఉందని సన్‌స్క్రీన్ మానకు. మచ్చలున్నవాళ్లకి ముఖం రంగు కలిపిన సన్‌స్క్రీన్ మేలు. అందులో ఉండే ఐరన్ ఆక్సైడ్లు మామూలు వెలుతురుని కూడా కొంత అడ్డుకుంటాయి, మన ఛాయ వాళ్లకి మచ్చ ముదిరేది ఆ వెలుతురు వల్ల కూడా.

యాసిడ్ రాత్రి రెటినాల్ (విటమిన్ ఎ రకం పూత) జోలికి పోకు. గరుకు స్క్రబ్ ఉంటే మీ నాన్నకివ్వు, మడమలకి రుద్దుకుంటాడు. పైపెదవి త్రెడింగ్ చేయించుకున్నాక మూడు నాలుగు రోజులు అక్కడ యాసిడ్ తగలనివ్వకు. బ్లీచ్ మాట ఎత్తితే నేనే వచ్చి సీసా లాక్కుంటా.

మాఘమాసంలో నిశ్చితార్థం అంటున్నారు. చర్మం పొర మారడానికి నెల అటూ ఇటూ పడుతుంది, అంటే చేతిలో రెండు మూడు విడతలున్నాయి, చాలు. మొదటి రెండు వారాల్లో ఏమీ కనబడదు, నునుపు మాత్రం చేతికి తెలుస్తుంది. మచ్చలు పలచబడడం ఆ తర్వాత. గుంటలు పూడ్చడం దీని వల్ల కాదు. గడ్డం కింద లోపల నుంచి నొప్పిపెట్టే మొటిమలున్నాయన్నావే, వాటిని స్కిన్ డాక్టరుకి చూపించాల్సిందే. వేడుకకి పది రోజుల ముందు యాసిడ్ పూర్తిగా ఆపెయ్. మీ అమ్మ ఎలాగూ సున్నిపిండితో నలుగు పెడతానంటుంది. యాసిడ్ పెట్టిన ముఖం మీద ఆ పిండి రుద్దితే తోలు లేచిపోతుంది. నలుగు చేతులకీ కాళ్లకీ పెట్టించుకో, ముఖానికి వద్దని నేను చెప్పానను.

ఇంకో సంగతి. పెళ్లివారి తరఫున ఎవరో "అమ్మాయి కాస్త చామనఛాయ" అన్నారని మీ అమ్మ నీళ్లు నమిలింది. ఈ సీరం మచ్చని తేలిక చేస్తుంది గానీ నువ్వు పుట్టిన రంగుని మార్చదు, మార్చాలని నాకూ లేదు. ఎవరైనా వారంలో తెల్లగా చేస్తుందంటూ మందుల షాపు ట్యూబు చేతిలో పెడితే తీసుకోకు. వాటిల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట ముఖం మెరుస్తుంది, తర్వాత పల్చబడి, ఎర్రబడి, ఆపితే మొటిమలు విరగబూస్తాయి. మా కాలేజీలో ఒక అటెండరు కూతురు అలా రెండేళ్లు బాధపడింది. ఆ అన్నవాళ్ల సంగతి నేను చూసుకుంటాలే, పెళ్లికొడుకు మేనమామ నాకు స్టూడెంటే.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండు సీసాలూ పట్టుకురా, ఎర్రదీ, కొత్తదీ. నా టేబుల్ సొరుగులో పీహెచ్ కాగితాలు ఇంకో కట్ట మిగిలింది. కొత్తదాన్ని మీ అమ్మ ఎదురుగానే ముంచి చూపిస్తా, పక్కనే ఆవిడ తోడుపెట్టిన పెరుగు కూడా పెట్టి. ఎర్రదాని పీహెచ్ కాగితం మీద తేలడం కష్టం, దాని రంగే కాగితానికి ఎక్కుతుంది. అది నా దగ్గరే ఉంచేసుకుంటా.

ఇట్లు,
నీ మేనత్త