సెన్సర్ కొనేముందు ఇది చదువు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. కారు ఐడిలింగ్‌లో వణుకుతోంది, యాక్సిలరేటర్ తొక్కితే పికప్ అందుకోవడం లేదు, చెక్ ఇంజిన్ లైటు వెలిగింది, స్కానర్ పెడితే పి0101 అనే కోడ్ వచ్చింది. ఎయిర్‌ఫ్లో సెన్సర్ పోయింది, ఇంట్లోనే మార్చేస్తానంటున్నావు. మార్చగలవు, విప్పి బిగించడం పావుగంట పని. కానీ ఆ కోడ్ వచ్చినంత మాత్రాన సెన్సర్ పోయినట్టు కాదు. సెన్సర్ చెప్పే లెక్కకూ ఇంజిన్ కంప్యూటర్ వేసుకున్న లెక్కకూ పొంతన కుదరడం లేదని మాత్రమే దానర్థం. తప్పు ఎక్కడుందో నువ్వే తేల్చుకోవాలి.

ఆ సెన్సర్ ఎయిర్ ఫిల్టర్ డబ్బా దాటగానే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి గొట్టం మీద ఉంటుంది. లోపల వెంట్రుకంత తీగో చిన్న రేకో ఉంటుంది. దాన్ని కరెంటుతో ఎప్పుడూ వేడిగా ఉంచుతారు. పక్కనుంచి పోయే గాలి దాన్ని చల్లారుస్తుంటే, మళ్లీ వేడి నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో చూసి గాలి ఎంత పోయిందో లెక్కగడతారు. ఆ లెక్కను బట్టే పెట్రోలు. తీగ మీద దుమ్మో నూనె పొరో పట్టిందంటే గాలిని తక్కువగా చూపిస్తుంది, పెట్రోలూ తక్కువే పడుతుంది.

సెన్సర్ దాటాక ఎక్కడైనా గొట్టం చిట్లినా ఇదే గోల. లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది, నింద సెన్సర్ మీద పడుతుంది. అందుకని ముందు ఇంజిన్ ఆపి, చల్లారాక, ఆ రబ్బరు గొట్టాన్ని రెండు చేతులా వంచి మడతల మధ్య టార్చి వేసి చూడు. పగుళ్లు పైకి కనపడవు, మడత అడుగున, అదీ కింది వైపు ఉంటాయి. క్లాంపులు బిగువుగా ఉన్నాయా, వ్యాక్యూమ్ పైపు ఏదైనా ఊడిందా, ఫిల్టర్ డబ్బా మూత సరిగ్గా కూర్చుందా చూడు. ఫిల్టర్ మార్చినవాళ్లు మూత క్లిప్పు ఒకటి వదిలేయడం మామూలే. సెన్సర్ కనెక్టర్ ఊడదీసి పిన్నులకు పచ్చటి తుప్పు పట్టిందేమో కూడా చూడు.

నీ స్కానర్ లైవ్ డేటా చూపిస్తుంది కదా, అందులో ఫ్యూయల్ ట్రిమ్ ఉంటుంది, అంటే కంప్యూటర్ తన లెక్క మీద పెట్రోలు ఎంత శాతం కలుపుతోందో (ప్లస్), ఎంత కోస్తోందో (మైనస్) చెప్పే అంకె. ఐడిలింగ్‌లో ప్లస్ ఎక్కువగా ఉండి, ఇంజిన్‌ని 2500 ఆర్‌పీఎమ్ దగ్గర పట్టి ఉంచితే తగ్గిపోతోందంటే గాలి లీకు అనుకో. అలా కాక, వేగం, లోడు పెరిగేకొద్దీ ప్లస్ కూడా పెరుగుతుంటే సెన్సర్ మీద అనుమానం, లేదా పెట్రోలు సరఫరా మీద. ఇంకో పరీక్ష: ఇంజిన్ ఆపి సెన్సర్ కనెక్టర్ తీసి మళ్లీ స్టార్ట్ చెయ్. కంప్యూటర్ తన అంచనాతో నడిపిస్తుంది. అప్పుడు వణుకు తగ్గితే అనుమానం బలపడినట్టే. ఇంకో కోడ్ వస్తుంది, టెన్షన్ పడకు. కొన్ని కార్లు ఆగిపోతాయి కూడా.

ఇంతదాకా వచ్చినా కొత్తది కొనకు, ముందు పాతదాన్ని శుభ్రం చేసి చూడు. ఎయిర్‌ఫ్లో సెన్సర్ కోసమే అమ్మే స్ప్రే వాడు. కార్బొరేటర్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ వద్దే వద్దు. దూది పుల్ల పెట్టకు, వేలు తగలనివ్వకు, కంప్రెసర్ గాలి కొట్టకు. చేయి ఊరుకోదు నీకు, అందుకే ఇన్నిసార్లు చెప్తున్నాను. స్ప్రే కొట్టి, దానంతట అది పూర్తిగా ఆరాకే బిగించు.

అయినా కుదరలేదా, అప్పుడు కొను. చూడ్డానికి ఒకేలా ఉందని తెచ్చుకోకు, పాత సెన్సర్ ఒంటి మీద ఉన్న పార్ట్ నంబర్ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. చవక నకళ్లు చక్కగా అతుక్కుంటాయి కానీ రీడింగ్ మాత్రం వేరే చెప్తాయి. నన్నడిగితే కొత్త నకలు కన్నా కడిగిన పాత ఒరిజినలే మేలు.

మార్చేటప్పుడు తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదియ్. కనెక్టర్ లాక్ నొక్కి పట్టుకుని దాని ఒంటినే లాగు, వైర్లు పట్టుకుని లాగితే తెగుతాయి. పాత ప్లాస్టిక్ పెళుసుగా ఉంటుంది, మొండికేస్తే అటూ ఇటూ మెల్లగా కదుపు. స్క్రూలు చాలా కార్లకు నక్షత్రం తలవి, కొన్నింటికి మధ్యలో బొడిపె కూడా ఉంటుంది. దానికి బిట్ వేరు, మామూలుది పెట్టి తల అరగదీయకు. సెన్సర్ మీది బాణం గాలి పోయే దిక్కుకు, అంటే ఇంజిన్ వైపుకు ఉండాలి. ఓ-రింగ్, అదే సెన్సర్ చుట్టూ ఉండే రబ్బరు రింగు, మెలిక పడకుండా కూర్చోబెట్టు. స్క్రూలు చేత్తో బిగువు తగిలేదాకా చాలు, అవి ప్లాస్టిక్‌లోకి దిగేవి. పనిలో పనిగా ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చెయ్. నూనె పూసి వాడే ఫిల్టరైతే ఆ నూనే తీగ మీదకు చేరి ఉండొచ్చు.

అన్నట్టు, మీ స్నేహితుడి కారులో కూడా వెతుకుతానన్నావు. కొన్ని కార్లలో అసలిది ఉండదు, గాలి ఒత్తిడి చూసే మ్యాప్ సెన్సర్‌తోనే లెక్క వేసుకుంటాయి. వెతికి విసుగెత్తకు.

కోడ్ చెరిపేసి, కాసేపు ఐడిలింగ్‌లో ఉంచి, సిటీ ట్రాఫిక్‌లోనూ హైవే మీదా నడిపి మళ్లీ ట్రిమ్ చూడు. ప్లస్సైనా మైనస్సైనా 10 శాతం లోపుంటే పని అయినట్టే. ఇంకా 20 దగ్గరే తిరుగుతుంటే కొత్త సెన్సర్‌ని తిట్టకు, పెట్రోలు ప్రెషర్ చూడాలి. ఆ పని మాత్రం ఇంట్లో పెట్టుకోకు, లైనులో పెట్రోలు ఒత్తిడితో ఉంటుంది, విప్పితే చిమ్ముతుంది. ఐడిలింగ్‌లోనూ 2500 దగ్గరా వచ్చిన అంకెలు కాగితం మీద రాసుకుని మెకానిక్‌కి ఇవ్వు, అతనికి సగం వెతుకులాట తప్పుతుంది.

మీ మావయ్య