జిమ్ ఫోర్డ్ ఎవరు, బ్రిటిష్ పబ్ రాక్‌కి, అంటే 1970ల్లో అక్కడి పబ్బుల్లో వాయించిన సాదాసీదా రాక్ సంగీతానికి, ఆయనతో ఏం సంబంధం?

అమెరికాలో కెంటకీ బొగ్గు గనుల వైపు నుంచి వచ్చిన పాటల రచయిత అండి, 1969లో హార్లన్ కౌంటీ అని ఒక ఆల్బమ్ చేశాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. టైటిల్ పాట ఒక్కసారి వినండి, చెప్పేదేమో గనుల ఊళ్లో పేదరికం, అంటే అమెరికా పల్లె పాటల్లాంటి పక్కా కంట్రీ మ్యూజిక్ కథ, కానీ వెనకాల మోగే ట్రంపెట్ లాంటి బ్రాస్ వాయిద్యాలు, ఆ ఊపు మొత్తం నల్లజాతి అమెరికన్ల సోల్ మ్యూజిక్‌దే, రెండూ ఎక్కడా అతుకు కనబడకుండా కలిసిపోతాయి. సోల్ గాయకుడు బాబీ వొమాక్ పాడిన హ్యారీ హిప్పీ పాట కూడా ఈయన రాసిందే, ఈ సంగతి చాలామందికి తెలీదు.

1971లో లండన్ వచ్చి బ్రిన్స్లీ ష్వార్జ్ అనే బ్రిటిష్ బ్యాండ్‌తో రికార్డింగ్‌కి కూర్చున్నాడు, అది సరిగ్గా కుదర్లేదు గానీ ఆ బ్యాండ్‌లో బాస్ వాయించే నిక్ లో మాత్రం ఈయన పాటల్ని వదల్లేదు. 1972లో వాళ్ల సిల్వర్ పిస్టల్ ఆల్బమ్‌లో ఫోర్డ్ పాటలు రెండున్నాయి, పబ్ రాక్‌ని ముందుండి నడిపిన వాళ్లలో ఆ బ్యాండ్ ఒకటి కదా, అలా ఈ కంట్రీ సోల్ లండన్ పబ్బుల్లోకి చేరింది. తన మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం ఫోర్డ్‌దే అని నిక్ లో స్వయంగా చెప్పాడు, 1978లో తన మొదటి సోలో ఆల్బమ్‌లో కూడా ఆయన పాట ఒకటి పాడాడు. ఫోర్డ్ 2007లో పోయాడు, అదే ఏడాది పాత రికార్డింగులు మళ్లీ బయటికొచ్చాయి, అంత ఆలస్యం కావడం నాకైతే చాలా బాధగా ఉంటుంది.