పిరికివాడి కథ ఎందుకు చదవాలి?

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేశాక నవలలు చదవడం మళ్ళీ మొదలుపెట్టాను. మీరు ఇదే శీర్షికలో మెచ్చుకున్నారని రావిశాస్త్రి గారి ‘అల్పజీవి’ తెచ్చుకున్నాను కాని, సుబ్బయ్య ప్రతిదానికీ భయపడుతూ ఉంటే విసుగు పుట్టి సగంలో ఆపేశాను. పిరికివాళ్ళను బయట ఎలాగూ చూస్తున్నాం. అలాంటి మనిషి గురించి ఒక నవల మొత్తం ఎందుకు చదవాలి?
– ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: ఇరవయ్యేళ్ళ వయసులో మొదటిసారి చదివినప్పుడు నేనూ సుబ్బయ్యను ఈసడించుకున్నాను. ఆఫీసులో పై అధికారికి, ఇంట్లో భార్యకు, అప్పిచ్చిన గవరయ్యకు జంకుతూ బతికే ఆ గుమాస్తాను భుజాలు పట్టుకుని కుదిపి నిలబెట్టాలనిపించింది. మీ ఉత్తరం అందాక, గత నెలలో, నాలుగోసారి చదివాను. వయసు పెరిగినకొద్దీ ఆ పుస్తకంలో నాకు కనిపించేవి మారుతూ వచ్చాయి. ఈసారి నన్ను పట్టి నిలిపింది భయం పనిచేసే తీరు. భయపడే మనిషి ఒక మాట అనడానికి ముందు దాన్ని మనసులో పదిసార్లు అనుకుంటాడు, అవతలివాడు ఏమంటాడో కూడా తానే ఊహించుకుంటాడు, ఆ ఊహలోని జవాబుకే బెదిరిపోయి, తీరా మనిషి ఎదురుపడినప్పుడు అనుకున్నదానికి పూర్తిగా విరుద్ధమైన మాట అనేసి వస్తాడు. పాత్ర మనసులో పారే ఆలోచనలను పారినట్టే రాసే చైతన్య స్రవంతి అనే పద్ధతిని మన విమర్శకులు ఈ నవల సందర్భంలో తరచుగా ప్రస్తావిస్తారు. ఆ పద్ధతి ఇక్కడ ఒక ప్రయోగం కోసం వచ్చిందని నేను అనుకోను. పిరికివాడి జీవితంలో జరిగేదంతా తలలోనే జరుగుతుంది కాబట్టి, వాడి కథను బయట నిలబడి చెబితే చెప్పడానికి దాదాపు ఏమీ ఉండదు.

మీరు విసుగు పడ్డది కూడా అక్కడే అయి ఉంటుంది. బయట ఏదో ఒకటి జరగాలని మనం ఎదురుచూస్తాం. సుబ్బయ్య ఎప్పుడు తిరగబడతాడా అని పేజీలు తిప్పుతాం. రావిశాస్త్రి గారు ఆ తొందరకు లొంగలేదు. ఆయన వృత్తిరీత్యా న్యాయవాది. కోర్టు వరండాలో చేతులు కట్టుకుని నిలబడే మనుషులను రోజూ చూసినవాడు కనుకనే, భయం ఒక మనిషి స్వభావదోషం మాత్రమే కాదని, జీతమూ అప్పూ హోదా కలిసి దాన్ని మనిషిలో కొద్దికొద్దిగా నింపుతాయని ఆయనకు తెలుసునని నా నమ్మకం.

ఈ నవల పక్కన గోపీచంద్ గారి ‘అసమర్థుని జీవయాత్ర’ను పెట్టి చదవమని మిమ్మల్ని కోరుతాను. నేను ఈ రెండింటినీ ఒకే వారంలో చదివాను. అందులోని నాయకుడు సీతారామారావు కూడా ఏ పనీ చెయ్యలేనివాడే. అయితే అతడు ఆస్తి గల కుటుంబంలో పుట్టినవాడు, చదువుకున్నవాడు, తన ప్రతి ఓటమికీ ఒక సిద్ధాంతం చెప్పుకోగలవాడు. అతని పతనం వెనుక ఎడతెగని వాదన వినిపిస్తూనే ఉంటుంది. సుబ్బయ్యకు ఆ వెసులుబాటు కూడా లేదు. నెలజీతం గుమాస్తాకు తన భయాన్ని తత్త్వంగా మార్చుకునే తీరిక ఎక్కడిది? గోపీచంద్ గారి నవలలో చివరి పేజీలు నన్ను ఎప్పటికీ కలవరపెడతాయి, ఆ నవల గొప్పదే. అయినా ఏది మనసుకు దగ్గర అని అడిగితే ‘అల్పజీవి’ అనే అంటాను. సీతారామారావును చూసి జాలిపడతాను. సుబ్బయ్య మాత్రం, ఏదైనా కార్యాలయంలో కౌంటరు ముందు నిలబడి అడగాల్సిన ప్రశ్న అడగకుండా వెనుదిరిగిన ప్రతిసారీ, నాలోనే కనిపిస్తాడు. ఆపిన చోటి నుంచి కాకుండా మొదటి నుంచి మళ్ళీ చదవండి. ఈసారి అతడు ఏం చేస్తాడని కాక, ఏమనుకుంటాడని చూడండి.

ప్రశ్న: ఈ మూడు నాలుగు నెలల్లో మీరు చదివిన వాటిలో మిమ్మల్ని ఎక్కువగా కదిలించిన నవల ఏది?
– ఒక ఉపాధ్యాయిని, గాజువాక

జవాబు: ‘అమృత సంతానం’. ఇది ఒడియాలో గోపీనాథ మహంతి గారు రాసిన నవల. సాహిత్య అకాడమీ బహుమతులు మొదలైన 1955లోనే ఒడియా భాషకు వచ్చిన బహుమతి దీనికే దక్కింది. తెలుగులోకి తెచ్చినవారు మన పురిపండా అప్పలస్వామి గారు. విశాఖలో ఉంటూ ఒడియా సాహిత్యాన్ని మనకు ఇంత దగ్గర చేసిన ఆయనను ఈ ఊరివాళ్ళం తలచుకోవలసినంతగా తలచుకోవడం లేదన్న బాధ నాకు ఎప్పటి నుంచో ఉంది.

ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో ఉండే కోందులనే గిరిజనుల జీవితం ఇందులోని వస్తువు. ఊరిపెద్ద మరణంతో కథ మొదలవుతుంది. అతని కొడుకు పెద్దరికం అందుకుంటాడు, కొంతకాలానికి బిడ్డతల్లి అయిన భార్య మీద మనసు విరిగి మరొక స్త్రీ వైపు మళ్ళుతాడు. ఇంత మాత్రమే అయితే ఏ సంసారంలోనైనా జరిగే కథే. ఆ భార్య ఒంటరితనాన్ని మహంతి గారు ఆమె ఏడుపుతో చెప్పరు. పండుగలు, వేట, కోతలు, పాటలు ఎప్పటిలాగే సాగిపోతూ ఉండగా వాటన్నిటి మధ్య ఆమెకు చోటు ఎలా తగ్గిపోతూ వచ్చిందో చూపిస్తారు. అందుకే మొదట నిదానంగా తోచిన ఆ పండుగల వర్ణనలు తరువాత తలచుకుంటే గుండె బరువెక్కిస్తాయి. పెద్ద నవల, ఓపిక కావాలి, మధ్యలో కొంత భాగం నాకూ భారమనిపించింది. సగం పుస్తకం కిరండోల్ పాసింజరులో అరకు మీదుగా వెళ్తూ చదివాను. సొరంగం వచ్చినప్పుడల్లా పేజీలో వేలు పెట్టి పుస్తకం మూసి, వెలుతురు రాగానే ఎదురుగా కనిపించే కొండలను చూస్తూ, మనకు ఇంత దగ్గరలో ఉన్న మనుషుల గురించి మనకు ఎంత తక్కువ తెలుసునో అని సిగ్గుపడ్డాను.

బండి నారాయణస్వామి గారి ‘శప్తభూమి’ కూడా ఈ మధ్యే పూర్తి చేశాను. 2019లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ నవల పద్దెనిమిదవ శతాబ్దపు రాయలసీమ కథ. చరిత్ర నవల అనగానే కోటలూ అంతఃపురాలూ ఎదురుచూసే అలవాటు మనకు ఉంది. ఈయన చూపు మాత్రం పాలకుల కంటే వారి కింద నలిగిన మనుషుల మీద ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకు ఆయనకు నమస్కరిస్తాను. పాత్రలు మరీ ఎక్కువ కావడంతో ఒకరిని మనసుకు హత్తుకునేలోపే మరొకరు వచ్చేశారన్నది నా అసంతృప్తి.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, పుట్టి పెరిగింది విశాఖలోనే. అయినా మన ప్రాంతపు మాండలికంలో రాసిన నవలలు చదవడం కష్టంగా ఉంది. రచయితలు అందరికీ అర్థమయ్యే భాషలో రాయకూడదా?
– మధురవాడ

జవాబు: ఒక్క పేరు తీసుకుందాం. రావిశాస్త్రి గారి నవల ‘సొమ్మలు పోనాయండి’. పుస్తకాల భాష మాత్రమే తెలిసినవారికి సొమ్ములంటే డబ్బో నగలో స్ఫురిస్తాయి. మన పల్లెల్లో సొమ్మలంటే పశువులు. మా నాయనమ్మది చోడవరం వైపు పల్లె. చీకటి పడితే ఆవిడ మొదటి ప్రశ్న ‘సొమ్మల్ని సాలలో కట్టీసినావేటి?’ అనే. పశువే ఆస్తి అయిన ఇంట్లో ఆ రెండు అర్థాలకూ తేడా లేదు. ఆ పేరును ‘పశువులు పోయాయండి’ అని మార్చి చూడండి. సమాచారం మిగులుతుంది, చెప్పుకోవడానికి వచ్చిన మనిషి గొంతు మిగలదు.

పతంజలి గారి ‘గోపాత్రుడు’ను కూడా నేను ఇదే కారణంతో ప్రేమిస్తాను. భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్న తగువు అలమండ అనే ఊళ్ళో ఎంత దూరం వెళ్ళిందో చదువుతుంటే కడుపుబ్బ నవ్వుతాం. ఆ నవ్వు యాసను చూసి పుట్టేది కాదు. పంతం పట్టిన మనుషులు తమ సొంత భాషలో పూర్తి గంభీరంగా వాదించుకోవడం వల్ల పుట్టేది. మీకు నేను చెప్పగలిగిన ఉపాయం ఒక్కటే. మొదటి పది పేజీలు పైకి చదవండి. కంటికి అడ్డుపడే మాటలు చాలావరకు చెవికి తెలిసినవే. పూర్ణా మార్కెట్టులోనో ఆర్టీసీ బస్సులోనో మీరు చిన్నప్పటి నుంచి వింటున్నవే.

ప్రశ్న: మా అబ్బాయికి పదహారేళ్ళు. తెలుగు చదవగలడు కాని నవల అంటే భయం. మొదటగా ఏ నవల ఇవ్వమంటారు?
– ఒక తల్లి, ఎంవీపీ కాలనీ

జవాబు: కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ ఇవ్వండి. చిన్న నవల, దాదాపు ఒక్క రాత్రి కథ. ఈనబోయే పంది మందతో తిరిగి రాకపోతే, పందులు కాసుకునే ముసలివాడు దాన్ని వెతుక్కుంటూ ఒంటరిగా అడవిలోకి వెళ్తాడు. కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ జీవితం గడిపిన డాక్టరు గారి రచన ఇది; ఒక్క వాక్యంలోనైనా ఆ ముసలివాడి మీద జాలి ఒలకబోయలేదు. చదివాక ఏం అర్థమైందని పరీక్షించకండి. సాయంత్రం పూట చేతికి ఇవ్వండి, కథ కూడా పొద్దుగూకే వేళే మొదలవుతుంది.