వెనక ట్యూబ్ మళ్లీ మళ్లీ పంక్చర్ అవుతోందా? మొదట ఆ టైరు లోపల చూడండి

నెలలో మూడు ట్యూబులు మార్చినా మీ ఫ్యాట్ టైర్ ఈ-బైక్ వెనక చక్రంలో గాలి నిలవడం లేదన్నారు కదండీ. తప్పు ట్యూబుది కాకపోవచ్చు. గండిపేట వైపు తిరిగినప్పుడు నాకూ ఇదే జరిగింది. టైరు లోపల పాత గుడ్డతో చుట్టూ తుడుస్తుంటే ఒకచోట దారం పట్టుకుంది. చూస్తే సర్కారు తుమ్మ ముల్లు మొన, బియ్యపు గింజంత కూడా లేదు. బయటి నుంచి అసలు కనిపించలేదు. ప్లయర్‌తో లాగేశాక ఆ బాధ తీరింది.

పాత ట్యూబుకి గాలి కొట్టి నీళ్లలో ముంచండి, బుడగలొచ్చిన చోటే చిల్లు. పక్కపక్కనే రెండు చిల్లులుంటే గాలి తక్కువై రిమ్ముకి నలిగినట్టు. రిమ్ము వైపు చిల్లయితే రిమ్ టేప్ (ట్యూబుకి గుచ్చుకోకుండా రిమ్ము లోపల చుట్టే పట్టీ) మార్చండి.

వెనక హబ్ మోటార్ (చక్రం మధ్యలోనే ఉండే మోటార్) ఉంటే బ్యాటరీ తీసి, మోటార్ వైరు కనెక్టర్ ఊడదీశాకే నట్లు విప్పండి. వాషర్ల వరుస ఫోటో తీసుకోండి. కొత్త ట్యూబుకి కాస్త గాలి కొట్టి, మెలిక పడకుండా కూర్చోబెట్టండి. సైజు 20 x 4 అయితే అదే కొనండి, సన్న ట్యూబు వద్దు. గాలి టైరు పక్కన రాసిన పరిమితి దాటకూడదు. సీలెంట్ (చిన్న చిల్లుల్ని లోపలి నుంచి మూసే ద్రవం) కూడా పోయిస్తే చిన్న ముళ్లకు టెన్షన్ తగ్గుతుంది.