పాత ఎస్టీమ్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: 1998 మోడల్ మారుతీ ఎస్టీమ్ లక్షన్నరకు అమ్మకానికి ఉంది. ఒకప్పుడు మా నాన్నగారికి అదే కారుండేది. నా జీతం 42,000, ఇంటి ఖర్చు 30,000, బ్యాంకులో 30,000 ఉన్నాయి. 16 శాతం వడ్డీతో మూడేళ్ల పర్సనల్ లోన్ వస్తుందంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. ఎస్టీమ్ మంచి కారే, 1994లో వచ్చి 2007 దాకా అమ్ముడైంది, అప్పట్లో మధ్యతరగతి ఇంటి ముందు డిక్కీ ఉన్న కారంటే చాలామందికి అదే. నా అభ్యంతరం కారు మీద కాదు, అప్పు మీద. ఇంత పాత బండికి కారు లోన్ దొరకడం కష్టం, అందుకే మీరు పర్సనల్ లోన్ దాకా వెళ్లారు. బ్యాంకే తాకట్టుగా తీసుకోని బండికి నెలనెలా 5,270 చొప్పున కట్టి, వడ్డీ కిందే దాదాపు 40,000 పోగొట్టుకోవడం ఏం లెక్క?

పాత కారు కొనే చాలామంది చేసే పొరపాటు ఇదే, కొన్న ధరతోనే ఖర్చు అయిపోతుందనుకుంటారు. బానెట్ ఎత్తి రేడియేటర్ హోస్ (ఇంజన్ చల్లబరిచే నీళ్ల రబ్బరు గొట్టం) నొక్కి చూడండి, గట్టిపడి పగుళ్లు కనిపిస్తే మార్చాల్సిందే. ఇంజన్‌లో ఉండే టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో ఓనర్ చెప్పలేకపోతే అదీ ఖర్చే. ఫ్లోర్ మ్యాట్ ఎత్తితే తుప్పు సంగతి తెలుస్తుంది. మొదటి 15 ఏళ్ల తర్వాత ఆర్‌సీ, అంటే బండి రిజిస్ట్రేషన్, అయిదేళ్లకోసారి రెన్యువల్, అంటే ఈ బండికి మళ్లీ 2028లో. 20 ఏళ్లు దాటిన కార్లకు ఇప్పుడు ఫీజే 10,000, పైగా ఫిట్‌నెస్ పాసవ్వాలి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి కానీ మీ బండికి దెబ్బ తగిలితే దాన్నుంచి మీకు పైసా రాదు.

ఇప్పుడు అసలు విషయం. మీ దగ్గరున్నది ఒక్క నెల ఖర్చు! రేపు ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రి పాలైనా ఈఎంఐ ఆగదు, అప్పుడు క్రెడిట్ కార్డు గీకుతారు, అక్కడ మొదలైతే బయటపడటం చాలా కష్టం. కారు కంటే ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 1,80,000 పక్కన పెట్టండి. నెలకు మిగిలే 12,000 ముట్టుకోకుండా వేస్తే పదమూడు నెలల్లో పూర్తవుతుంది. దాన్ని కారు ఫండ్ అనుకోకండి, ఇది వేరే ఖాతాలో ఉండాలి. ఇంటిల్లిపాదికీ సొంత ఆరోగ్య బీమా లేకపోతే ఆ ప్రీమియం కూడా ఈ 12,000 లోంచే, ఒకటి రెండు నెలలు ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఆ తర్వాత కారు కోసం విడిగా ఆర్‌డీ (నెలనెలా కొంత వేసే రికరింగ్ డిపాజిట్) వేసుకోండి, చేతిలో డబ్బుతో వెళ్లండి. అప్పటికీ ఎస్టీమే కావాలంటే రిపేర్లకు కనీసం 50,000 పక్కన పెట్టుకున్నాకే బేరం మొదలుపెట్టండి.